ఏడిస్తే నటన, ఏడవకపోతే నేరం

ఈ వారం పాత సినిమా. 1993 ఆగస్టులో వచ్చిన ‘ద ఫ్యుజిటివ్’. మీలో చాలామంది అప్పటికి పుట్టి ఉండరు, నేనూ పుట్టలేదు. హారిసన్ ఫోర్డ్ హీరో, టామీ లీ జోన్స్ వెంటాడే ఆఫీసరు, ఆండ్రూ డేవిస్ డైరెక్టర్. బెస్ట్ పిక్చర్‌తో సహా 7 ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి. గెలిచింది మాత్రం ఒక్కటే, అదీ హీరో కాదు, హీరోని తరిమినవాడు. ముందే చెప్తున్నా, స్పాయిలర్లు ఉంటాయి. ముప్ఫై ఏళ్లు దాటిన సినిమాకి వార్నింగ్ ఏంటని నవ్వకండి, ‘మాయాబజార్’ క్లైమాక్స్ చెప్పినా తిట్టేవాళ్లు ఉన్న రోజులివి.

షికాగోలో రిచర్డ్ కింబుల్ పేరున్న సర్జన్. ఒక రాత్రి భార్య హెలెన్‌తో కలిసి పార్టీకి వెళ్తాడు. తిరిగొచ్చేటప్పుడు ఆపరేషన్‌లో సాయం కావాలని హాస్పిటల్ నుంచి పిలుపొస్తే అటు వెళ్తాడు. ఇంటికి చేరేసరికి లోపల ఎవడో ఉన్నాడు. ఇద్దరికీ పెనుగులాట. వాడి ఒక చెయ్యి అసలుది కాదు, పెట్టుడు చెయ్యి. వాడు పారిపోతాడు. తల పగిలిన హెలెన్ ప్రాణం పోతుంది. కొన్ని నెలలకి కోర్టు కింబుల్‌కే మరణశిక్ష వేస్తుంది. ఇదంతా దాదాపు టైటిల్స్ పడుతుండగానే అయిపోతుంది. మనోళ్లయితే ఇంటర్వెల్ దాకా లాగుండేవాళ్లు.

ఈ సినిమా గురించి ఎవరు మాట్లాడినా రైలు గుద్దుకునే సీన్ దగ్గరే మొదలుపెడతారు. తప్పులేదు. గ్రాఫిక్స్ కాదు, నిజం రైలునే గుద్దించారు. నార్త్ కరోలినాలో డిల్స్‌బరో అనే చిన్న ఊరి దగ్గర ఆ ముక్కలు ఇప్పటికీ పడున్నాయి, టూరిస్టులు పోయి ఫోటోలు దిగుతారు. నాకు మాత్రం అంతకుముందు వచ్చే పోలీస్ స్టేషన్ సీనే అసలు సినిమా.

చిన్న గది. బల్లకి ఒకవైపు కింబుల్, ఇంకోవైపు డిటెక్టివ్‌లు. భార్య పోయి కొన్ని గంటలే అయింది. అతను వాళ్లకి సాయం చేస్తున్నాననుకునే మాట్లాడుతుంటాడు. వచ్చినవాడు ఎలా ఉన్నాడు, ఏ చెయ్యి, ఎటు పారిపోయాడు, ఇవి అడుగుతారని అతని ఆశ. వాళ్లు అడిగేది వేరే. తలుపు బద్దలుకొట్టిన ఆనవాళ్లు లేవేంటి? తుపాకీ మీద మీ వేలిముద్రలేంటి? ఆవిడకి బాగా డబ్బుంది కదా, ఇన్సూరెన్స్ ఎవరికొస్తుంది? ప్రశ్నలు ఎటు పోతున్నాయో అతనికి అర్థమయ్యే క్షణం ఒకటుంది, అక్కడ ఫోర్డ్ ముఖం చూడండి. ఏడుపు సగంలో ఆగిపోతుంది. ఒక్క క్షణం అయోమయం. తర్వాత కోపం. వాణ్ని పట్టుకోండి అని అరుస్తాడు, మళ్లీ ఏడుస్తాడు. ఎదురుగా ఉన్నవాళ్ల ముఖాల్లో చలనం ఉండదు. వాళ్ల లెక్కలో అది దుఃఖం కాదు, నటన.

ఏడ్చినవాడి గతి ఇది. ఏడవకుండా కూర్చుని ఉంటే? అప్పుడు కరుడుగట్టినవాడు అనేవాళ్లు. భార్య చనిపోయిన మొగుడు ఏ ముఖం పెట్టుకుంటే నమ్ముతారో చెప్పండి.

ఇదేదో అమెరికా పోలీసుల జబ్బు అనుకోకండి. మన దగ్గర చావింటికి పోయి చూడండి, ఇలాంటి డిటెక్టివ్‌లు ఇద్దరు కాదు, ఇరవైమంది ఉంటారు. చూడటానికి వచ్చినవాళ్లలో సగం మంది పోయినవాళ్లని కాదు, ఉన్నవాళ్లని చూస్తుంటారు. “కోడలి కంట్లో నీటి చుక్క లేదు, చూశావా వదినా?” ఆవిడే రాగాలు తీసి ఏడిస్తే, “మరీ ఇంతలా ఏడుస్తోందంటే ఏదో ఉంది.” మగాడైతే ఇంకో తిప్పలు. ఏడిస్తే “నువ్వే ఇట్లయితే పిల్లల సంగతేంట్రా” అంటారు. ఏడవకపోతే గుండె రాయి అంటారు. పెద్దకర్మకి వంటవాళ్లతో ప్లేటుకి ఎంతని మాట్లాడుతుంటే, “అప్పుడే తేరుకున్నాడమ్మా” అని సన్నగా మొదలుపెడతారు. ఆ మాట్లాడే పని ఎవరో ఒకరు చెయ్యాలి కదా, వాళ్లు చెయ్యరు.

సరే, కింబుల్‌ని నిజంగా ముంచింది ముఖం ఒక్కటే కాదు. టేపు. హెలెన్ చనిపోయే ముందు 911కి ఫోన్ చేస్తుంది. మన 112 లాంటిది. చంపడానికి వచ్చినవాడు ఇంకా ఇంట్లోనే ఉన్నాడు. ఆ మాటల మధ్యలో ఆమె నోట “రిచర్డ్” అని వస్తుంది, మొగుణ్ని పిలుస్తోంది. వెంటనే, చంపేస్తున్నాడు అని వస్తుంది, అది ఆ దొంగ గురించి. రెండూ పక్కపక్కన పడ్డాయి. కోర్టులో టేపు వేస్తే జ్యూరీకి వినిపించింది ఒకే వాక్యం, రిచర్డ్ నన్ను చంపేస్తున్నాడు అని.

ఇదే తెలుగింట్లో జరిగితే కేసు ఐదు నిమిషాల్లో తేలిపోయేదేమో అని నాకో చిలిపి ఆలోచన. పాత తరం ఇల్లాలైతే మొగుణ్ని పేరు పెట్టి పిలవదు, “ఏవండీ” అంటుంది. ఏవండీ అన్న తర్వాత “చంపేస్తున్నాడు” అంటే అది మొగుడి గురించి కాదని ఏ జడ్జికైనా తెలుస్తుంది. మొగుడే అయితే ప్రాణం పోతున్నా “చంపేస్తున్నారు” అనే రకం మన అమ్మమ్మలు. ఈ తరం జంటలకి ఆ రక్షణ లేదు, పేర్లతోనే పిలుచుకుంటాం, ‘రా’ కూడా తగిలిస్తాం. పోనీ “రిచర్డూ” అని చివర్లో సాగదీసినా అది పిలుపని తెలిసేది. ఇంగ్లిష్‌లో ఆ దీర్ఘం లేకపోవడం కింబుల్ ఖర్మ.

జోక్ పక్కన పెడితే, ఆ టేపులో ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదు. మా పనిలో లాగ్ ఫైల్ అంటాం. సర్వర్ ఏ క్షణంలో ఏం చేసిందో అది రాసి పెట్టుకున్న చిట్టా. లాగ్ అబద్ధం చెప్పదు. కానీ రెండు వేర్వేరు పనుల లైన్లు పక్కపక్కన పడితే, రెండూ ఒకే పనివి అనుకుని చదివేస్తే, కథ మొత్తం మారిపోతుంది. అర్ధరాత్రి యాప్ పడిపోయిందంటే కాల్‌లో ఉన్న అందరి మొదటి ప్రశ్న, చివరిగా కోడ్ మార్చింది ఎవడు? ఆ ప్రశ్న మంచిదే, చాలాసార్లు జవాబు అక్కడే దొరుకుతుంది. చిక్కేంటంటే, పేరు దొరకగానే మిగతా లాగ్ చదవడం ఆపేస్తాం. ఆ తర్వాత కనిపించే ప్రతి లైనూ ఆ పేరుకే అతుక్కుంటుంది.

పోలీసులకీ అంతే. హత్య జరిగితే ముందు ఇంట్లోవాళ్లని అనుమానించడం మూర్ఖత్వం కాదు. పేపర్లో జిల్లా పేజీ చదివేవాళ్లకి నేను చెప్పక్కర్లేదు, భార్య శవం దొరికిన చాలా కేసుల్లో చివరికి మొగుడే తేలతాడు. కాబట్టి షికాగో డిటెక్టివ్‌లు కింబుల్‌ని ప్రశ్నించడం తప్పు కాదు. ప్రశ్నించడం అక్కడితో ఆపేయడమే తప్పు. ఒంటిచెయ్యి మనిషిని మనస్ఫూర్తిగా ఎవరూ వెతకలేదు.

ఇక్కడే టామీ లీ జోన్స్ చేసిన జెరార్డ్ పాత్ర నాకు నచ్చుతుంది. ఖైదీల బస్సు మీదికి రైలొచ్చి కింబుల్ తప్పించుకున్నాక, పట్టుకురమ్మని పంపిన ఫెడరల్ మార్షల్ ఇతను. డ్యామ్ సొరంగంలో ఎదురుపడినప్పుడు కింబుల్ తను భార్యని చంపలేదంటాడు. జెరార్డ్ జవాబు, అది నాకు అనవసరం అని. మొదటిసారి విన్నప్పుడు ఎంత రాతి మనిషి అనిపిస్తుంది. రెండోసారి చూస్తే, సినిమా మొత్తంలో కింబుల్‌తో నిజాయితీగా మాట్లాడిన మొదటి పోలీసు ఇతనే అనిపిస్తుంది. నీ ముఖం చూసి నేను తీర్పు చెప్పను, నా పని నిన్ను పట్టుకోవడం, అంతే.

ఆ పని కోసమే కింబుల్ ఏం చేస్తున్నాడో చూడటం మొదలుపెడతాడు. ఉరికంబం తప్పించుకున్నవాడు ఏ మెక్సికోకో పోవాలి, తనని అందరూ గుర్తుపట్టే షికాగోకే ఎందుకొచ్చాడు? హాస్పిటల్లో ఊడ్చేవాడి వేషంలో దూరి పెట్టుడు చేతుల విభాగం కంప్యూటర్ దగ్గర ఏం వెతికాడు? (ఆ సీన్ మా బ్యాచ్ వాళ్లకి పండగ. కుడిచెయ్యి, ఇంత వయసు, ఇంత పొడవు అని ఒక్కో ఫిల్టర్ వేస్తూ పోతాడు, చివరికి చేతివేళ్ల మీద లెక్కపెట్టేన్ని పేర్లు మిగులుతాయి.) అదే హాస్పిటల్లో ఎమర్జెన్సీ వార్డులో ఒక పిల్లాడి ఎక్స్‌రే చూసి, డాక్టర్లు అసలు జబ్బు పట్టుకోలేదని గ్రహించి, కేస్ షీట్ మార్చి రాసి ఆపరేషన్ థియేటర్‌కి చేరుస్తాడు. తన మెడ మీద కత్తి ఉన్న సమయంలో. జెరార్డ్ తర్వాత వచ్చి అక్కడి డాక్టర్‌ని ఆ పిల్లాడు ఎలా ఉన్నాడని అడుగుతాడు. ప్రాణం నిలబడిందంటుంది ఆవిడ. జెరార్డ్ ఏమీ అనడు. ఆ మౌనం నుంచే ఇన్వెస్టిగేషన్ దారి మారుతుంది.

మన దగ్గర దీన్ని వెంటనే అందుకున్నారు. మరుసటేడాదే, 1994లో, నాగార్జున డాక్టర్‌గా మహేష్ భట్ డైరెక్షన్‌లో ‘క్రిమినల్’ వచ్చింది. మనీషా కొయిరాలా, రమ్యకృష్ణ ఉన్నారు, కీరవాణి సంగీతం. ఆ సినిమా అనగానే మనకి కథ కాదు, పాట గుర్తొస్తుంది. అది మన టేస్టు, నేనేమీ అనను, నా ప్లేలిస్టులోనూ ఉంది.

అసలు ‘ఫ్యుజిటివ్’ కూడా సొంత కథ కాదు. 1963 నుంచి 1967 దాకా ఏబీసీ చానెల్లో అదే పేరుతో 120 ఎపిసోడ్ల సీరియల్ నడిచింది. దాని వెనక శామ్ షెపర్డ్ కేసు ఉందని జనం నమ్మారు, సృష్టికర్త రాయ్ హగ్గిన్స్ మాత్రం కాదన్నాడు. షెపర్డ్ కూడా డాక్టరే. 1954 జూలై 4న క్లీవ్‌లాండ్ దగ్గర గర్భవతి అయిన భార్య హత్య జరిగింది. జుట్టు గుబురుగా ఉన్న ఆగంతకుడు వచ్చాడన్నాడు. పేపర్లు అతన్ని అరెస్టు చెయ్యరేంటని హెడ్డింగులు పెట్టాయి. జీవితఖైదు పడింది. కోర్టు సంతలా తయారైంది, ఇది న్యాయమైన విచారణ కాదని 1966లో అమెరికా సుప్రీంకోర్టు శిక్ష కొట్టేసింది, రెండో విచారణలో నిర్దోషిగా బయటికొచ్చాడు. తర్వాత కొన్నాళ్లు కుస్తీల్లో దిగాడు, 1970లో 46 ఏళ్లకే పోయాడు. అతను నిజంగా నిర్దోషా అన్న వాదన ఇంకా తెగలేదు, 2000లో సివిల్ కేసులో జ్యూరీ ఆ మాట చెప్పడానికి ఒప్పుకోలేదు.

అందుకే షెపర్డ్ కంటే నాకు నిద్రపట్టనివ్వని కేసు ఇంకొకటి, ఏ అనుమానమూ మిగలకుండా తేలిపోయినది. మైకేల్ మోర్టన్.

1986 ఆగస్టు 12. టెక్సస్‌లో ఆస్టిన్ దగ్గర. మోర్టన్‌కి ఆ రోజుతో 32 నిండాయి. భార్య క్రిస్టీన్, మూడేళ్ల కొడుకుతో కలిసి బయట భోంచేసి ఇంటికొచ్చాడు. ఏదో ఊహించుకున్నాడు, భార్య నిద్రపోయింది. పొద్దున్నే డ్యూటీకి వెళ్తూ బాత్రూమ్‌లో చీటీ పెట్టాడు. నా పుట్టినరోజున నన్ను పట్టించుకోలేదని బాధేసింది, అయినా నువ్వంటే ప్రేమే, ఇదీ సారాంశం. పెళ్లయిన ప్రతి ఇంట్లో ఇలాంటి అలక ఒకటుంటుంది, ఇప్పుడైతే వాట్సాప్‌లో పెడతాం. ఆ రోజే క్రిస్టీన్ తన మంచం మీద తల పగిలి చనిపోయి కనిపించింది.

ఆ చీటీ హత్యకి కారణం అయిపోయింది. కడుపులో ఉన్న రాత్రి భోజనం ఎంత అరిగిందో చూసి చావు టైమ్ లెక్కగట్టారు, ఆ లెక్క ప్రకారం అప్పుడు మొగుడు ఇంట్లోనే ఉన్నాడు. ఇంకొకటి, బంతిపూలు. క్రిస్టీన్ ఇంటి ముందు బంతి మొక్కలు పెంచింది. అంత్యక్రియలైన రెండ్రోజులకి మోర్టన్ మిషన్ పెట్టి వాటిని కోసేశాడు. పక్కింటావిడ చూసింది. అదీ కోర్టులో చెప్పింది.

నేను చాలాసేపు ఆ బంతిపూల దగ్గరే ఆగిపోయాను. పోయినవాళ్ల బట్టలు మర్నాడే పంచేసేవాళ్లు మనకి తెలుసు. ఏడాదైనా బీరువా తెరవనివాళ్లూ తెలుసు. చూడలేక తీసేసినవాడినీ, చూస్తూ ఉంచుకున్నవాడినీ ఇద్దర్నీ మనం అర్థం చేసుకుంటాం, వాళ్లు మన చుట్టాలైతే. ముద్దాయి బోనులో ఉంటే మాత్రం బంతిపూలు కూడా సాక్ష్యమే.

1987లో జీవితఖైదు. జ్యూరీకి చెప్పనివి ఏంటంటే, ఆ మూడేళ్ల పిల్లాడు అమ్మమ్మతో ఒక రాక్షసుడొచ్చి అమ్మని కొట్టాడని, అప్పుడు నాన్న ఇంట్లో లేడని చెప్పాడు. ఆవిడ పోలీసులకి ఫోన్లో చెప్పింది. ఆ మాటలు రాసిన కాగితం డిఫెన్స్ లాయర్లకి ఇవ్వలేదు. ఇంటి వెనక కాస్త దూరంలో రక్తం అంటిన రుమాలు దొరికింది, దొరకబుచ్చుకున్నది పోలీసులు కాదు, క్రిస్టీన్ సోదరుడు. దాన్ని డీఎన్ఏ టెస్టు చేయించమని లాయర్లు ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు. చివరికి 2011లో చేస్తే, అందులో క్రిస్టీన్ రక్తంతో పాటు ఇంకొకడి డీఎన్ఏ ఉంది. ఆ అక్టోబర్‌లో మోర్టన్ బయటికొచ్చాడు, దాదాపు 25 ఏళ్ల తర్వాత. అసలువాడికి 2013లో శిక్ష పడింది. వాడు మధ్యలో ఊరికే లేడు. 1988లో, మోర్టన్ జైల్లో ఉండగా, ఆస్టిన్‌లో ఇంకో ఆవిడ కూడా అలాగే తన మంచం మీదే హత్యకి గురైంది. ఆ కేసులో కూడా వాడికే 2016లో శిక్ష వేశారు. కాగితం దాచిన ప్రాసిక్యూటర్ అప్పటికి జడ్జి అయి ఉన్నాడు. అతనికి పడ్డ జైలు శిక్ష 10 రోజులు, లా లైసెన్సు కూడా పోయింది.

కొడుకు సంగతి చెప్పలేదు కదా. తండ్రే అమ్మని చంపాడని నమ్మి పెరిగాడు. 18 ఏళ్లు నిండగానే ఇంటిపేరు మార్చుకున్నాడు. ఆ కబురు విన్నరోజు జైల్లో మోర్టన్ కుప్పకూలిపోయాడు. తర్వాత తండ్రీకొడుకులు కలిశారు.

ఇక్కడ నోయిడా కేసు గుర్తు రాకుండా ఎలా ఉంటుంది. 2008లో పదమూడేళ్ల ఆరుషి హత్య. టీవీల్లో రాత్రుళ్లు తల్లి ముఖాన్ని జూమ్ చేసి చూపించారు, కన్నీళ్లు లేవేంటని చర్చ పెట్టారు. 2013లో ట్రయల్ కోర్టు తల్లిదండ్రులకి జీవితఖైదు వేసింది, సాక్ష్యాలు చాలవని 2017 అక్టోబర్‌లో అలహాబాద్ హైకోర్టు వదిలేసింది. ఆ ఇంట్లో ఏం జరిగిందో నేను చెప్పబోవడం లేదు. కానీ కన్నీటి చుక్కలు లెక్కపెట్టిన గంటల్లో ఆ చానెళ్లు ఇంకేదైనా పనికొచ్చే ప్రశ్న అడిగి ఉండొచ్చు. ఇప్పుడు ఆ పని చానెళ్లకంటే మనమే బాగా చేస్తున్నాం. ఎవరింట్లో చావు జరిగినా అంత్యక్రియల వీడియో రీల్ అవుతుంది, కింద కామెంట్లు, “బ్రో యాక్టింగ్ చూడు”, “ఓవర్ చేస్తున్నాడు”. పదిహేను సెకన్లు చూసి తీర్పు, ఒక లాఫింగ్ ఎమోజీతో.

‘ఫ్యుజిటివ్’ మీద నాకున్న ఒకే ఒక్క కంప్లయింట్ కూడా ఇదే. సినిమా మనకి ఒంటిచెయ్యి మనిషిని ముందే చూపించేస్తుంది. కింబుల్ మంచివాడని మనకి తెలుసు కాబట్టి హాయిగా డిటెక్టివ్‌లని తిట్టుకుంటాం. చూపించకుండా ఉంటే? మనమూ ఆ బల్లకి ఇటువైపే కూర్చుని ఇన్సూరెన్స్ గురించి అడిగేవాళ్లమేమో. ఆ ఇబ్బంది కావాలంటే 2006లో వచ్చిన ఫ్రెంచ్ సినిమా ‘టెల్ నో వన్’ చూడండి. గిల్లోమ్ కానే డైరెక్టర్, హార్లన్ కోబెన్ నవల ఆధారం. పిల్లల డాక్టర్ భార్య హత్య జరిగి ఎనిమిదేళ్లయింది. అతను పని చేసుకుంటున్నాడు, ఎక్కువ మాట్లాడడు. చెరువు దగ్గర ఇంకో రెండు శవాలు బయటపడితే పోలీసులు మళ్లీ అతని తలుపే తడతారు, అదే సమయంలో అతని మెయిల్‌కి ఒక వీడియో వస్తుంది. ఇంతకంటే చెప్తే పాపం. ఫ్రాంస్వా క్లూజే దీనికి సెజార్ అవార్డు తీసుకున్నాడు, ఫ్రెంచ్ వాళ్ల ఆస్కార్ అనుకోండి. అతని ముఖం ఎనిమిదేళ్ల దుఃఖం ఎండిపోయిన ముఖం. చాలాసేపు నేను కూడా దాన్ని అనుమానంగానే చూశాను, సినిమా కావాలనే అలా చూసేలా చేస్తుంది.

రెండింట్లో ఒక్కటే చూసే టైముంటే మాత్రం ‘ఫ్యుజిటివే’ చూడండి, అదీ చివరి నిమిషం దాకా. స్నేహితుడే మోసం చేశాడని తేలాక, జెరార్డ్ కింబుల్‌ని కారులో తన పక్కన కూర్చోబెట్టుకుంటాడు. సంకెళ్లు తీసి ఐస్ ప్యాక్ ఇస్తాడు. నీకు అనవసరం అన్నావు కదా అని కింబుల్ అంటే, ఇప్పటికీ అనవసరమే, ఎవరికీ చెప్పకు అని నవ్వుతాడు. కారు కదులుతుంది. హత్య జరిగిన రాత్రి నుంచి ఆ కారు సీటు దాకా కింబుల్‌కి భార్య కోసం తీరిగ్గా కూర్చుని ఏడవడానికి ఒక్క గంట దొరకలేదు. ఆ రాత్రి ఎక్కడికి వెళ్లాడో, ఆ ఇంటి తలుపు మళ్లీ తీశాడో లేదో సినిమా చూపించదు.